హ్యాండీక్యామ్ టేపుల నుంచి ఇంటి డీవీడీ దాకా: ఏ దశలో ఏ ఫార్మాట్ పెట్టుకోవాలి

డీవీడీ తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఏది తెరిచినా ముందుగా ఎదురయ్యేది ఫార్మాట్ల జాబితా. ఏవీఐ, ఎంపెగ్-2, ఎంపీ4, డబ్ల్యూఎంవీ, డివ్‌ఎక్స్... ఏది నొక్కాలో తోచక చాలామంది 'హై క్వాలిటీ' అని కనిపించినదాన్ని నొక్కేస్తారు. గంటల తరబడి సిస్టమ్ కష్టపడ్డాక వచ్చిన ఫైలు తీరా ప్లేయర్లో ఆడదు. ఆడినా పెళ్లికూతురి ముఖం అడ్డంగా సాగిపోయి ఉంటుంది, లేదా గోదారి నీళ్లు గళ్లుగళ్లుగా విరిగిపోయి కనిపిస్తాయి.

నిజానికి ఇందులో మనం ఎంచుకోవాల్సింది తక్కువే. మొదట్లో ఉండేది టేపు మీద ఏముందో అది. చివర డిస్కులోకి వెళ్లేది ఎంపెగ్-2 (ఒక్క మినహాయింపు ఉంది, వీసీడీల దగ్గర చెబుతాను). ఈ రెండింటి మధ్య వీడియోను మార్చకుండా చివరి మెట్టు దాకా మోసుకెళ్లి, అక్కడ ఒక్కసారే మార్చాలి. దారిలో ఎన్నిసార్లు ఫార్మాట్ మారిస్తే అన్నిసార్లు బొమ్మ కొంచెం చెడుతుంది, చెడింది మళ్లీ రాదు.

పెన్‌డ్రైవ్ ఉండగా ఇంకా డీవీడీ ఏంటండీ అనేవాళ్లుంటారు. రిమోట్‌లో ప్లే బటన్ తప్ప ఇంకేదీ నొక్కని అమ్మమ్మగారికి ఫోల్డర్లలో ఫైలు వెతుక్కోమని చెప్పలేం కదా. డిస్కు పెడితే పేర్లతో మెనూ వస్తుంది, నొక్కితే ఆడుతుంది. పెన్‌డ్రైవ్ సంగతి చివర్లో చూద్దాం.

1. ముందు టేపు ఏ రకమో తేల్చుకోండి

క్యాసెట్ మీద, కెమెరా మీద ముద్రించిన గుర్తులు రెండూ చూడాలి. వీహెచ్ఎస్, వీహెచ్ఎస్-సీ, వీడియో8, హై8 ఇవన్నీ అనలాగ్. మినీడీవీ, డిజిటల్8 రెండూ డిజిటల్, రెండింట్లోనూ ఉండేది డీవీ అనే ఒకే ఫార్మాట్. ఇక్కడో తిరకాసు ఉంది. డిజిటల్8 కెమెరాలు హై8 క్యాసెట్లనే వాడతాయి, హెచ్‌డీవీ కెమెరాలు (టేపు మీదే హెచ్‌డీ తీసేవి) మినీడీవీ క్యాసెట్లనే వాడతాయి. అందుకే క్యాసెట్ ఒక్కటే చూసి తీర్మానించేయకూడదు. టేపు లేని కెమెరాల్లో 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులవి, లోపలే హార్డ్ డిస్క్ ఉన్నవి, 2006లో మొదలైన ఏవీసీహెచ్‌డీ అనే హెచ్‌డీ రకం ఉన్నాయి. 2003 పుష్కరాల టేపైతే హై8 గానీ మినీడీవీ గానీ అయ్యుండే అవకాశం ఎక్కువ. 2015 పుష్కరాలైతే మెమరీ కార్డే అనుకోవచ్చు.

ఫైల్ రూపంలో ఉన్నదాని జాతకం తెలియాలంటే మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరవండి. సైజు, ఫ్రేముల వేగం, ఫీల్డుల వరుస (అదేంటో 6వ భాగంలో చెబుతాను), ఆడియో రకం అన్నీ ఒకే పేజీలో చెప్పేస్తుంది. కింద నేను చెప్పే ప్రతి మెట్టులోనూ దానితో పని పడుతుంది.

టేపును కెమెరాలో పెట్టే ముందు వెలుతురులో ఒకసారి తిప్పి చూడండి. మన డెల్టా గాలిలో తేమ మామూలుగా ఉండదు, ఏళ్లుగా బీరువాలో ఉన్న క్యాసెట్లకు బూజు పడుతుంది. చిన్న కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలా కనిపిస్తుంది. అలాంటిది ఆడిస్తే బూజు కెమెరా హెడ్‌కి, అక్కడ్నుంచి మిగతా మంచి టేపులకీ అంటుకుంటుంది. దాన్ని పక్కన పెట్టి, టేపులు శుభ్రం చేసేవాళ్లకే ఇవ్వాలి. బాగున్న టేపును మాత్రం ముందు చివరి దాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి, వెనక్కి చుట్టి, అప్పుడు ఆడించండి. ఏసీ గదిలో ఉన్న కెమెరాను వసారాలోకి తెచ్చి వెంటనే ఆన్ చేయకండి, లోపల చెమ్మ పట్టి టేపు అతుక్కుంటుంది. క్యాసెట్ తలుపు తెరిచి ఓ గంట అలా వదిలేయండి.

2. కంప్యూటర్‌లోకి దించడం

మినీడీవీ, డిజిటల్8 అయితే దారి ఒక్కటే, ఫైర్‌వైర్ అనే డిజిటల్ కేబుల్. సోనీ కెమెరాల మీద దీన్నే ఐ.లింక్ అని రాస్తారు. ఇలా దించితే టేపు మీదున్న డేటా ఉన్నదున్నట్టు కాపీ అవుతుంది, నాణ్యత ఇసుమంత కూడా పోదు. అదే కెమెరాకి యూఎస్‌బీ సాకెట్ కూడా ఉండొచ్చు కానీ చాలా కెమెరాల్లో అది ఫొటోలకు, నాసిరకం వీడియోకే పనికొస్తుంది. ఒక చివర యూఎస్‌బీ, మరో చివర ఫైర్‌వైర్ ఉన్న కేబుళ్లు చవగ్గా దొరుకుతున్నాయని కొనకండి. అవి పనిచేయవు. డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవడమే మార్గం.

దించడానికి విన్‌డీవీ లాంటి చిన్న ప్రోగ్రామ్ చాలు. సేవ్ చేసే రకం అడిగితే డీవీ ఏవీఐ, అందులో టైప్-2 పెట్టండి. పాత మూవీ మేకర్‌తో దించేవాళ్లు ఒక్కటి చూసుకోవాలి. దాన్ని అలాగే వదిలేస్తే డబ్ల్యూఎంవీగా సేవ్ చేస్తుంది, అంటే మొదటి మెట్టులోనే ఒక మార్పు అయిపోయినట్టు. డీవీ ఏవీఐ గంటకు సుమారు 13 గిగాబైట్లు తింటుంది. హార్డ్ డిస్క్ ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలి. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 గిగాబైట్లు దాటితే ఫైల్ రాయదు, అంటే దాదాపు 20 నిమిషాలకే ఆగిపోతుంది.

డీవీ టేపులో బొమ్మతోపాటు ఆ షాట్ తీసిన తేదీ, సమయం కూడా కనిపించకుండా దాగి ఉంటాయి. విన్‌డీవీ వాటిని చదివి, షాట్ మారినచోట ఫైళ్లను విడదీసి, తేదీని ఫైల్ పేరులోనే పెట్టేస్తుంది. ఎంపెగ్-2గా మార్చాక ఈ సమాచారం పోతుంది. తాతగారు మాట్లాడింది ఏ సంక్రాంతికో గుర్తులేని ఇంట్లో ఈ తేదీ చాలా విలువైనది. డీవీ ఫైళ్లను చెరిపేయొద్దని అనడానికి ఇదొక్క కారణం చాలు.

అనలాగ్ టేపులకు బొమ్మను డిజిటల్‌గా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చే క్యాప్చర్ పరికరం కావాలి. మీ డిజిటల్8 కెమెరా పాత హై8 టేపులను కూడా ఆడించగలిగే రకమైతే (చాలావరకు ఆడిస్తాయి) అంతకన్నా సుఖం లేదు, వాటినీ డీవీగా ఫైర్‌వైర్ గుండా పంపేస్తుంది. వీహెచ్ఎస్‌కైతే వీసీఆర్ వైరును ఏవీ ఇన్‌పుట్ ఉన్న డీవీ కెమెరాకు ఇచ్చి, కెమెరా నుంచి కంప్యూటర్‌కు పంపొచ్చు. అవేవీ లేక యూఎస్‌బీ డాంగిలే గతి అయితే, దాని సెట్టింగుల్లో 720×576, అన్నిటికన్నా ఎక్కువ బిట్‌రేట్ (సెకను వీడియోకు ఖర్చయ్యే డేటా) పెట్టండి. పసుపు పిన్నుకు బదులు ఎస్-వీడియో సాకెట్ ఉంటే అదే వాడండి, రంగుల అంచులు అల్లుకుపోకుండా ఉంటాయి.

3. పాలా, ఎన్‌టీఎస్‌సీనా

కోనసీమలో ఈ ప్రశ్న వేసుకోకుండా పని మొదలుపెట్టకూడదు. ఎందుకంటే ఒకే ఇంట్లో కువైట్ నుంచి బాబాయ్ తెచ్చిన కెమెరా, అమెరికా నుంచి అక్క తెచ్చిన కెమెరా రెండూ ఉంటాయి. మన దేశంలోనూ, కువైట్, దుబాయ్, ఖతార్‌లలోనూ ఉన్నది పాల్ అనే టీవీ పద్ధతి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ: 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. అమెరికా కెమెరాతో మన పెళ్లి పందిట్లో తీసిన టేపును చూడగానే పోల్చుకోవచ్చు, ట్యూబులైట్లు మినుకుమినుకుమంటూ ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ కెమెరా సెకనుకు దాదాపు 60 సార్లు చూస్తుంది, రెండింటికీ లయ కుదరదు.

ఏది ఏ రకంగా తీశారో ఆ రకంగానే డీవీడీ చేయండి. మనవైపు అమ్మిన ప్లేయర్లు మామూలుగా రెండూ ఆడిస్తాయి కాబట్టి ఎన్‌టీఎస్‌సీ టేపును పాల్‌లోకి మార్చాల్సిన అవసరం లేదు. మారిస్తే కదలికలు కుదుపులతో వస్తాయి. ఒకే డిస్కులో రెండూ కలపడం కుదరదు, రెండు డిస్కులు చేయండి. అమెరికాలోని ప్లేయర్లు చాలావరకు పాల్ డిస్కును తిప్పికొడతాయి. అక్కడివాళ్లకు పాల్ డిస్కు పంపి, ఆడట్లేదని వాళ్లు ఫోన్ చేశాక బుర్ర బద్దలు కొట్టుకునే కన్నా, ఎంపీ4 ఫైల్ పంపడం నయం.

4. మిక్సింగ్ చేసేటప్పుడు

కటింగులు, టైటిళ్లు అన్నీ డీవీ ఏవీఐ మీదే చేయండి. ప్రాజెక్ట్ సెట్టింగును టేపుకు సరిపోయేలా పెట్టండి. కట్ చేసినది బయటకు తీసేటప్పుడు మళ్లీ డీవీగానే తీయండి, లేదా నేరుగా చివరి ఎంపెగ్-2కు వెళ్లిపోండి. మధ్యలో 'స్థలం ఆదా' అని ఎంపీ4గా తీసి, దాన్ని తెచ్చి డీవీడీ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే అలవాటు చాలామందికి ఉంది. రెండు మార్పుల నష్టం పడేది అక్కడే.

ఆడియో విషయంలో కూడా జాగ్రత్త. డీవీ కెమెరాల్లో 16 బిట్, 12 బిట్ అని రెండు రకాల రికార్డింగ్ ఉంటుంది. మొదటిది 48 కిలోహెర్ట్జ్, రెండోది 32. ఒకే టేపు మీద రెండూ కలిసి ఉంటే మారినచోట ఫైల్‌ను విడగొట్టండి. లేకపోతే పురోహితుడి పెదవులు ఒకచోట, మంత్రం ఇంకోచోట వినిపిస్తాయి. డీవీడీకి 48 కిలోహెర్ట్జే కావాలి.

5. బిట్‌రేట్ లెక్క

"ఆయ్, రెండు క్యాసెట్లే కదండీ, ఒక్క డిస్కులో పట్టించేయండి" అంటారు పెద్దాయన. పట్టించొచ్చు. ఎంత బాగా పట్టించొచ్చన్నదే లెక్క.

మామూలు డిస్కు 4.7 గిగాబైట్లు, అంటే 3,76,00,000 కిలోబిట్లు. మెనూలకు, ఇతర అవసరాలకు 5 శాతం తీసేస్తే 3,57,20,000 మిగులుతాయి. రెండు టేపుల్లో పనికిరానిది కోసేశాక 110 నిమిషాలు వచ్చిందనుకోండి, అంటే 6,600 సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 5,410 కిలోబిట్లు. అందులో ఆడియోకి 224 పోతే వీడియోకి దాదాపు 5,180. కాస్త తగ్గించి సగటు 5,100, గరిష్ఠం 8,000 అని పెట్టి, టూ-పాస్ ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. టూ-పాస్ అంటే మొదటిసారి వీడియో అంతా చూసి ఎక్కడ కష్టమో గుర్తుపెట్టుకుని, రెండోసారి అక్కడ ఎక్కువ బిట్లు వేస్తుంది. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది, పడనివ్వండి.

ఇదే లెక్కన సగటు వీడియో బిట్‌రేట్లు (సెకనుకు కిలోబిట్లలో):

60 నిమిషాలు: 8,000 (లెక్కకు ఇంకా ఎక్కువే వస్తుంది, కింద చెప్పిన హద్దు వల్ల ఇంతే)
90 నిమిషాలు: 6,300
120 నిమిషాలు: 4,700
150 నిమిషాలు: 3,700
180 నిమిషాలు: 3,000

డీవీడీ నియమాల్లో వీడియోకు గరిష్ఠం 9,800. ఇంట్లో రాసిన డిస్కులకు 8,000 దాటించకండి, పాత ప్లేయర్లు అక్కడ తడబడతాయి.

ఇక నిమిషాలు మాత్రమే చూసి సరిపెట్టుకోకూడదు, బొమ్మలో ఏముందో కూడా చూడాలి. ఎంపెగ్-2 ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య మారిన భాగాన్నే ఎక్కువగా రాసుకుంటుంది. అరుగు మీద కూర్చుని మాట్లాడే తాతగారి షాట్‌లో మారేది తక్కువ, 3,500కు కూడా శుభ్రంగా వస్తుంది. మన దగ్గర తీసే మిగతావన్నీ దానికి ఎదురు. గాలికి ఊగే కొబ్బరి మట్టలు, ఎండకు మెరిసే గోదారి అలలు, వాన. ఇవన్నీ క్షణక్షణం ప్రతి చుక్కా మారే దృశ్యాలు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం తీసిన టేపు సంగతి ఇక చెప్పక్కర్లేదు. ప్రభ నిండా రంగురంగుల అలంకరణ, కింద మోసేవాళ్లు, చుట్టూ కదిలే జనం, కౌశిక దాటేటప్పుడు నీళ్లు, అన్నీ ఒకే ఫ్రేములో. అక్కడ 4,500 ఇస్తే ప్రభ కదిలిన ప్రతిసారీ గళ్లు తేలతాయి. అలాంటి వాటికి డిస్కుకు 90 నిమిషాలు దాటించొద్దని నా సలహా. ఇంటర్వ్యూలు, పూజలు, వ్రతాలు 120 దాకా, మరీ అవసరమైతే 150 దాకా పోవచ్చు.

మూడు గంటల వీహెచ్ఎస్ పెళ్లి క్యాసెట్‌ను ఒక్క డిస్కులోనే కావాలని పట్టుబడితే 720 వెడల్పు వదిలేసి 352×576 పెట్టండి. ఇదీ డీవీడీ ఒప్పుకునే సైజే. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరమే తక్కువ కాబట్టి పెద్దగా పోయేదేమీ ఉండదు, గళ్లు మాత్రం తగ్గుతాయి. వీహెచ్ఎస్ బొమ్మ కింది అంచున చిందరవందరగా ఉండే గీతల మీద నల్లపట్టీ కప్పండి. పాత టీవీలు ఆ అంచును దాచేసేవి, ఎల్‌సీడీలు దాచవు. 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కులున్నాయి గానీ ధరా ఎక్కువ, కొన్ని ప్లేయర్లకు పడవు కూడా. రెండు మామూలు డిస్కులే మేలు.

ఆడియోకి ఏసీ-3 (డాల్బీ డిజిటల్), స్టీరియో, 224. సన్నాయి మేళం, కచేరీ ఉంటే 256. పీసీఎం, అంటే కుదించని ధ్వని పెడితే ఒక్క ధ్వనే 1,536 మింగేస్తుంది, ఆ మేరకు బొమ్మ చెడుతుంది.

6. ఫీల్డులు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పాల్ కెమెరా సెకనుకు 25 ఫ్రేములు తీస్తుందంటాం గానీ ప్రతి ఫ్రేమూ రెండు సగాలు. గీత విడిచి గీత చొప్పున ఒక సగం, సెకనులో యాభయ్యో వంతు తర్వాత రెండో సగం. వీటినే ఫీల్డులంటారు. అందుకే కంప్యూటర్లో డీవీ ఫైల్‌ను ఆపి చూస్తే కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. అది చూసి కంగారుపడి 'డీఇంటర్‌లేస్' నొక్కేస్తారు. నొక్కితే సెకనుకు 50 కదలికలు కాస్తా 25 అవుతాయి, టీవీలో కుదుపుగా వస్తుంది. డీవీడీ ఫీల్డులను అలాగే ఉంచుకోగలదు, టీవీకి వాటిని ఎలా చూపించాలో తెలుసు. ముట్టుకోకండి. కంప్యూటర్లో చూసేటప్పుడు వీఎల్‌సీ ప్లేయర్లో డీఇంటర్‌లేస్ ఆన్ చేసుకుంటే సరిపోతుంది, ఫైల్ మారదు.

ముట్టుకోకపోయినా వరుస మాత్రం సరిగ్గా చెప్పాలి. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇది 'లోయర్' అనో 'బాటమ్ ఫస్ట్' అనో ఉంటుంది. హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీలలో పై ఫీల్డు ముందు. అనలాగ్ క్యాప్చర్ డాంగిళ్లలో కూడా ఎక్కువగా పైదే ముందు. తప్పు వరుస ఇస్తే కదిలే ప్రతిదీ ఒక అడుగు ముందుకూ ఒక అడుగు వెనక్కూ వేసినట్టు వణుకుతుంది.

పరీక్షకు అడ్డంగా కదిలే షాట్ కావాలి. రాజమండ్రిలో పుష్కర ఘాట్ నుంచి ఆర్చ్ బ్రిడ్జి మీద రైలు పోతుండగా తీసింది ఏ ఇంటి టేపులోనైనా ఓ ముక్క ఉంటుంది. అర నిమిషం కోసి, 'కింది ముందు' ఒకటి, 'పై ముందు' ఒకటి చేసి, డీవీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే డిస్కు) మీద రాసి టీవీలో చూడండి. పెట్టెలు నున్నగా జారుతున్నది సరైనది. కంప్యూటర్ తెర మీద తీర్పు చెప్పకండి.

7. తెర ఆకారం

పాత టేపులు 4:3, కొత్తవి 16:9. రెండింటికీ డీవీడీలో చుక్కల లెక్క 720×576 ఒక్కటే. ఏ ఆకారంలో చూపాలో ఒక చిన్న గుర్తు చెబుతుంది. ఆ గుర్తు తప్పితే మనుషులు లావైపోతారు, లేదా సన్నబడతారు. 4:3 టేపును తెర నిండాలని సాగదీయకండి, అటూ ఇటూ నల్లగా ఉంటే ఉండనివ్వండి.

8. మార్చనక్కర్లేనివి

చిన్న డిస్కుల కెమెరా అప్పటికే ఎంపెగ్-2లో తీస్తుంది. కెమెరాలోనే ఫైనలైజ్ చేసి (వేరే చోట చదివేలా డిస్కును ముగించి), ఫైళ్లు కాపీ చేసుకుని, మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా పెద్ద డిస్కులో కూర్చండి. హార్డ్ డిస్క్ కెమెరాల మాడ్ (.mod) ఫైళ్లు కూడా ఎంపెగ్-2నే. వాటిలో 16:9 గుర్తు పక్కనుండే ఎంఓఐ ఫైల్లో ఉంటుంది కాబట్టి కొన్ని సాఫ్ట్‌వేర్లకు అది తెలియక బొమ్మ నొక్కుకుపోయి కనిపిస్తుంది. ఆ గుర్తు సరిచేస్తే చాలు.

మొదట్లో చెప్పిన మినహాయింపు వీసీడీ. మనవాళ్ల పెళ్లిళ్లు చాలా వాటి మీదే ఉన్నాయి. అందులోది 352×288 ఎంపెగ్-1, దాన్ని డీవీడీ నేరుగా ఒప్పుకుంటుంది. వీసీడీలోని డ్యాట్ (.dat) ఫైల్ నుంచి వీడియోను ముట్టుకోకుండా తీసి, ఆడియోను మాత్రం 44.1 నుంచి 48 కిలోహెర్ట్జ్‌కు మార్చండి. పెంచి 720×576 చేసినంత మాత్రాన లేని వివరం పుట్టుకురాదు.

ఏవీసీహెచ్‌డీ సంగతి వేరు. 1920×1080ను 720×576కు దించడం తప్పదు. ఫీల్డులున్న వీడియోను నేరుగా కుదిస్తే గీతలు కలగాపులగం అవుతాయి. ముందు సెకనుకు 50 పూర్తి ఫ్రేములుగా విప్పి, కుదించి, మళ్లీ ఫీల్డులుగా మడవాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ దీన్ని బాగా చేస్తుంది. కార్డులోని ఎంటీఎస్ ఫైళ్లను మాత్రం ఫోల్డర్లతో సహా దాచుకోండి.

9. డిస్కు రాయడం

మెనూలకు డీవీడీ స్టైలర్ అనే ప్రోగ్రామ్ ఉచితం. ఎన్‌కోడ్ చేసి తెచ్చిన ఫైళ్లను అది మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా 'కాపీ' అని పెట్టడం మరవకండి. పాత ప్లేయరైతే డీవీడీ-ఆర్ కొనండి, ప్లస్ రకం కంటే అదే ఎక్కువ చోట్ల ఆడుతుంది. 16 స్పీడ్ డిస్కును 8 స్పీడ్‌లో రాసి, డిస్కు రాసే ప్రోగ్రామ్ ఇమ్‌గ్‌బర్న్‌లో వెరిఫై (రాసింది సరిచూడటం) పెట్టండి. యూపీఎస్ లేకుండా మొదలెట్టొద్దు. రాస్తుండగా కరెంటు పోతే డిస్కు పోయినట్టే. డిస్కు మీద స్టిక్కర్లు అంటించకండి, తేమకు ఒక పక్క లేచి ప్లేయర్లో ఇరుక్కుంటాయి. సీడీ మార్కర్‌తో రాస్తే చాలు.

10. ఫోన్లకు, పెన్‌డ్రైవ్‌కు

ఎంపీ4 కావాలంటే డీవీడీలోంచి తీయకండి, మిక్సింగ్ అయిన డీవీ ఫైల్ నుంచే తీయండి. ఇక్కడ మాత్రం డీఇంటర్‌లేస్ చేయాలి, అదీ 50 ఫ్రేములు వచ్చే పద్ధతిలో. ఫైళ్లను ఎంపీ4గా మార్చే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రామ్‌లో 'బాబ్' అని ఉండేది అదే. వీడియో హెచ్.264, నాణ్యత అంకె 18, ఆడియో ఏఏసీ. హ్యాండ్‌బ్రేక్ డీవీడీ డిస్కు చేయదు, ఈ పనికే. డీవీ ఏవీఐలను రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల మీద పెట్టి, రెండోదాన్ని వేరే ఇంట్లో ఉంచండి. మన లంకల్లో వరద నీళ్లు ఇంటి గడప దాటిన ఏడాదులున్నాయి, రెండూ ఒకే అటక మీద ఉంటే రెండు కాపీలున్నట్టు కాదు.